సవరణ: అభ్యర్థుల ఇంటి ఆస్తుల సంగతి

ఓటుకి నిలబడ్డవాళ్ళు భార్య ఆస్తులు చూపించక్కర్లేదు, ప్రైవసీ అని 2024లో సుప్రీంకోర్టు చెప్పేసిందని మన పర్లాకిమిడి గ్రూపులో రాసేసాను కదా, అది తప్పు, తీర్పు చదవకుండా రాసాను. చదివితే సంగతి వేరు. అది అరుణాచల్‌లో తేజు నియోజకవర్గం ఎమ్మెల్యే కేసు, ఇంట్లోవాళ్ళ పేరు మీదున్న పాత స్కూటీ, బైకు, వ్యాను రాయలేదని గొడవ, అవి నామినేషన్‌కి ముందే అమ్మేసినవో ఇచ్చేసినవో. ఓటరుకి పనికిరాని ప్రతి చిన్న వస్తువూ చూపించక్కర్లేదు అంది కోర్టు, అంతవరకే. ఫారం 26లో, అంటే నామినేషన్‌తో పాటు ఇచ్చే అఫిడవిట్‌లో, భార్య లేదా భర్త, అభ్యర్థి మీద ఆధారపడ్డవాళ్ళ ఆస్తులూ అప్పులూ ఇప్పటికీ రాయాల్సిందే, ఖాళీ వదలకూడదు. ఎన్నికల సంఘం సైట్లో మన ఒడిశా అభ్యర్థులవీ ఉంటాయి, చూసుకోండి. రెండో పెళ్ళి పుకార్లకి మాత్రం అందులో గడి లేదు, అవి అడక్కండి.