గాండాల్ఫ్ ఆలస్యంగానే వచ్చాడు

'లార్డ్ ఆఫ్ ద రింగ్స్ నేర్పే టైమ్ మేనేజ్‌మెంట్ పాఠాలు' అంటూ ఒక పోస్టు రకరకాల రూపాల్లో ఫోన్ల మధ్య తిరుగుతోంది. అది టోల్కీన్ రాసిన మూడు సంపుటాల ఊహాలోకపు నవల: హాబిట్లనే పొట్టి జాతికి చెందిన ఫ్రోడో, ఒక దుష్ట ఉంగరాన్ని నాశనం చేయడానికి శత్రువు దేశమైన మోర్డార్‌కు వెళ్ళే కథ. అతనికి దారి చూపే మాంత్రికుడు గాండాల్ఫ్. దాని సారాంశం ఇది: మాంత్రికుడు ఎప్పుడూ ఆలస్యం చేయడు, మనమూ చేయకూడదు. మనకిచ్చిన ఇరవై నాలుగు గంటలను ఎలా వాడుకోవాలన్నదే ఈ కథ. రోజూ కొంచెం కొంచెం నడిస్తే ఎవరైనా మోర్డార్ చేరతారు. దారిలో ఎల్ఫులనే అమరుల నెలవు రివెండెల్‌లో రెండు నెలలు మీటింగులతో వృథా అయ్యాయి. హాబిట్ల ఏడు పూటల తిండి మన రోజును భాగాలు చేసుకోవడానికి మంచి నమూనా. టోల్కీన్ రోజుకో పేజీ చొప్పున పన్నెండేళ్ళు రాశాడు.

మూడో సంపుటం చివర టోల్కీనే ఒక తేదీల పట్టిక ఇచ్చాడు. అది పక్కన పెట్టుకుని చూస్తే వీటిలో ఒక్కటీ నిలబడదు.

మాంత్రికుడు ఆలస్యం చేయడన్న మాట 2001లో వచ్చిన సినిమాలోది, పుస్తకంలో లేదు. పుస్తకంలో అసలు చిక్కంతా గాండాల్ఫ్ సమయానికి రాకపోవడంతోనే మొదలవుతుంది. కథలోని లెక్క ప్రకారం మూడో యుగం 3018వ సంవత్సరం జూన్ చివర, నీ పుట్టినరోజు విందుకల్లా వస్తానని చెప్పి అతను ఫ్రోడో దగ్గర సెలవు తీసుకున్నాడు. ఉంగరం కోసం శత్రువు పంపిన నల్ల రౌతులు బయల్దేరారన్న కబురు దారిలో అందింది. తాను సారుమాన్ అనే మరో మాంత్రికుడి దగ్గరికి పోతూ, బ్రీ ఊళ్ళో పూటకూళ్ళ ఇల్లు నడిపే బటర్‌బర్ చేతికి ఫ్రోడో పేర ఒక ఉత్తరం ఇచ్చాడు. జూలై నెలాఖరు దాటకుండా ఇల్లు వదలమని అందులో ఉంది. మర్నాడు హాబిట్ల సీమ షైర్‌కు వెళ్ళే మనిషి దొరకలేదు, ఆ మర్నాడూ దొరకలేదు. పనుల హడావుడిలో బటర్‌బర్ ఆ సంగతే మరిచిపోయాడు. జూలై 10న సారుమాన్ గాండాల్ఫ్‌ను బంధించాడు. సెప్టెంబర్ 18 దాకా అతను బయటపడలేదు. ఫ్రోడో సెప్టెంబర్ 23న బయల్దేరాడు. ఉత్తరం అతని చేతికి వచ్చింది 29న, బ్రీలోనే.

ఆ ఆలస్యం ఖరీదెంతో లెక్క కట్టవచ్చు. వెంట రౌతులు తరుముతుండగా, భుజంలో కత్తి గాయంతో కూడా ఫ్రోడో 27 రోజుల్లో, అంటే అక్టోబర్ 20కి, రివెండెల్ చేరాడు. జూలై నెలాఖరుకు బయల్దేరి ఉంటే ఆగస్టు ముగిసేలోపే చేరేవాడు. రౌతులు షైర్ పొలిమేరకు వచ్చింది సెప్టెంబర్ 22న. మూడు వారాలకు పైగా తేడా. ఆ కత్తిపోటు తగిలేదే కాదు. తన ఆలస్యం కొంప ముంచేదే అని రివెండెల్‌లో గాండాల్ఫ్ స్వయంగా ఫ్రోడో ముందు ఒప్పుకుంటాడు.

ఇక్కడ నేర్చుకోవాలంటే నేర్చుకోవలసింది చాలా ఉంది, కానీ అది పోస్టులో చెప్పినది కాదు. కబురు ఒకటే, మోసేవాడు ఒక్కడే, అందిందన్న జవాబు అడగలేదు. అన్నిటికన్నా పెద్ద లోపం, నిశ్శబ్దానికి అర్థమేమిటో ముందుగా చెప్పకపోవడం. కబురు రాకపోతే 'గాండాల్ఫ్ వస్తాడులే' అని ఫ్రోడో ఆగిపోయాడు. గడువున్న పనిలో దీన్ని తిరగేయాలి. చివరి తేదీ మొదటి వాక్యంలోనే ఉండాలి. కబురు రెండు దారుల్లో వెళ్ళాలి. ఫలానా రోజుకల్లా అందిందని జవాబు అడగాలి. విడిపోయే ముందే, 'జూలై 20 దాకా నా దగ్గరనుంచి ఏమీ రాకపోతే నా కోసం చూడకుండా బయల్దేరు' అన్న మాట అనుకోవాలి. మెయిల్ పెట్టాం కదా అని చేతులు దులుపుకునే ఆఫీసుల్లో పనులు ఆగేది సరిగ్గా ఇక్కడే.

ఇరవై నాలుగు గంటల మాటకు వస్తే, మనకిచ్చిన కాలంతో ఏం చేయాలన్నదే మన చేతుల్లో ఉందని గాండాల్ఫ్ పుస్తకంలో నిజంగానే అంటాడు. కానీ ఎప్పుడంటాడు? నా కాలంలోనే ఇది రావాలా అని ఫ్రోడో బాధపడినప్పుడు. ఇంగ్లిష్‌లో కాలానికీ సమయానికీ 'టైమ్' అన్న ఒకే మాట కాబట్టి అక్కడ పొరబడటానికి వీలుంది. తెలుగులో ఆ సాకు కూడా లేదు. కరువుకాలం అంటాం, మా తాతల కాలం అంటాం, గడ్డుకాలం అంటాం. బస్సుకు సమయమైంది అంటాం. వీటిని తారుమారు చేసి ఎవరూ మాట్లాడరు. ఫ్రోడో అడిగింది కాలం గురించి: తాను కోరుకోని చెడ్డ రోజుల్లో పుట్టి, తాను తేని ఆపదను మోయాల్సి రావడం గురించి. ఆ మాటను 'సమయాన్ని వాడుకోవడం' అని మార్చి అలారం బొమ్మ పక్కన అచ్చువేస్తే, ధైర్యం చెప్పిన మాట కాస్తా పనిదొంగకు పెట్టే చీవాట్లుగా మారిపోతుంది. ఇంట్లో జబ్బు మనిషిని చూసుకుంటూ రోజు ఎలా గడిచిందో తెలియనివాళ్ళకు ఈ వాక్యం అసలు రూపంలో ఎంతో ఆసరా. మార్చిన రూపంలో అదే వాళ్ళను నిందిస్తుంది. ఈ పోస్టు చేసిన తప్పుల్లో క్షమించలేనిది ఇదే.

రోజూ కొంచెం నడిస్తే చాలన్నది సగటు లెక్క చేసే మోసం. సెప్టెంబర్ 23 నుంచి ఉంగరం నాశనమైన మార్చి 25 దాకా, నెలకు 30 రోజులుండే షైర్ క్యాలెండర్ ప్రకారం, 184 రోజులు. అందులో రివెండెల్‌లో 65, ఎల్ఫుల అడవి లోత్‌లోరియెన్‌లో దాదాపు 30. సగానికి పైగా రోజులు ఒక్క అడుగూ ముందుకు పడలేదు. మిగిలినవాటిలో పది రోజులు పడవ ప్రయాణం. చివరి కొండ మీద ఫ్రోడో నడవనే లేకపోయాడు, తోడు వచ్చిన శామ్ వీపున మోశాడు. ఆరు నెలల పనికి పథకం వేసేవాళ్ళు మొత్తాన్ని 180తో భాగించి రోజుకింత అని రాసుకుంటే మొదటి జ్వరానికే పట్టిక కూలిపోతుంది. కదిలే రోజులు, ఇతరుల కోసం ఆగే రోజులు, కోలుకునే రోజులు ముందే విడివిడిగా లెక్కేసుకుని, పనిని కదిలే రోజులకే పంచాలి. కష్టమైన భాగం చివర ఉంటే అక్కడ రోజుకు సగం పనే అనుకోవాలి.

మరి రివెండెల్‌లో రెండు నెలలు వృథా కాదా? ఉంగరాన్ని ఏం చేయాలో తేల్చే సభ జరిగింది ఒక్క రోజు, అక్టోబర్ 25. మధ్యాహ్నం గంట కొట్టేసరికి ముగిసింది. మిగతా కాలమంతా వేగులది. రివెండెల్ ఏలిక ఎల్రాండ్ నలుదిక్కులకూ మనుషుల్ని పంపాడు. తొమ్మిది నల్ల గుర్రాల్లో ఎనిమిదింటి కళేబరాలు ఏటి వెంట దొరికాకే, రౌతులు ఇప్పట్లో వెంటపడలేరని తేలింది. ఆ సంగతి తెలియకుండా ఉంగరంతో బయట అడుగు పెట్టడం చావుకు ఎదురెళ్ళడమే. ఈ ఆగడానికి ఖరీదూ ఉంది: డిసెంబర్ 25న బయల్దేరడం వల్ల నట్టనడి చలికాలంలో కారడ్రాస్ కనుమ ఎక్కాల్సి వచ్చింది, మంచు తుఫానుకు వెనుదిరిగారు. కాబట్టి ఆగడం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు అర్థం లేదు. ఏ సంగతి తెలిస్తే కదులుతామో, ఆగినందుకు ముందు ఏ ఇబ్బంది రాబోతోందో, ఈ రెండూ కాగితం మీద ఉన్నాయా లేదా అన్నదే చూడాలి.

ఏడు పూటల జాబితా కూడా సినిమాలోదే. పుస్తకం ముందుమాటలో హాబిట్లకు ఆరు పూటలంటే ఇష్టమని ఉంది, అదీ దొరికినప్పుడు. అది సుఖంగా బతికే రైతుల అలవాటు, పని పట్టిక కాదు.

ఇక రోజుకో పేజీ. టోల్కీన్ 1937 డిసెంబర్‌లో మొదలుపెట్టి 1949కి పూర్తిచేశాడు. అక్కడిదాకా నిజం. కానీ అంతరాలతో రాశానని రెండో ముద్రణ ముందుమాటలో అతనే చెప్పాడు. ఆక్స్‌ఫర్డ్‌లో పాఠాలు, యుద్ధం, మధ్యలో ఎక్కువగా రాత్రిళ్ళు రాత. కథలోని మోరియా గనుల్లో, బాలిన్ అనే పాత్ర సమాధి దగ్గరికి వచ్చాక, రాత దాదాపు ఏడాది ఆగిపోయింది. ఫ్రోడో, శామ్‌ల మోర్డార్ దారి 1944లో సాగింది, దక్షిణాఫ్రికాలో వైమానిక దళంలో ఉన్న కొడుకు క్రిస్టఫర్‌కు అధ్యాయాలు పంపుతూ. అయినా ముగింపుకు ఇంకో ఐదేళ్ళు పట్టింది. టైపిస్టుకు ఇవ్వడానికి డబ్బు చాలక మళ్ళీ మళ్ళీ తనే టైపు చేసుకున్నాడు. సంపుటాలు 1954, 55లో వచ్చాయి. అంతకన్నా ముందునుంచీ రాస్తున్న మరో పుస్తకం సిల్మరిలియన్ 1973లో అతను పోయేనాటికి పూర్తికానే లేదు, కొడుకు కూర్చి 1977లో అచ్చువేయించాడు. క్రమం తప్పని దినచర్య కోసం వెతికేవాళ్ళకు ఇంతకన్నా తప్పుడు ఉదాహరణ దొరకదు.

అతని దగ్గర నిజంగా తీసుకోదగ్గది ఒకటుంది. కథలో చెల్లాచెదురైన గుంపులు ఏ రోజు ఎక్కడున్నాయో చూపే పట్టిక వేసుకున్నాడు. నిలువు వరుసకో గుంపు, అడ్డు వరుసకో తేదీ. నలుగురు వేర్వేరు చోట్ల చేసే ఏ పనికైనా, పెళ్ళి ఏర్పాట్లకైనా, ఇల్లు కట్టడానికైనా ఇది పనికొస్తుంది: ఒక తేదీ జరిగితే ఆ వరుసలో ఇంకెవరి గడి కదులుతుందో వెంటనే కనిపిస్తుంది. లేకపోతే ఏమవుతుందో అతనికి అనుభవమే. 1944 మేలో చూసుకుంటే కథలో చంద్రుడు జరగడానికి వీల్లేని పనులు చేస్తున్నాడు. వెనకటి అధ్యాయాల్లో ఆ ముక్కలు తిరగరాయడానికి ఒక మధ్యాహ్నమంతా పట్టిందని కొడుక్కి ఉత్తరం రాశాడు.