మంచులో నడవకూడదని సిద్ధుడు చెప్పలేదు

తెలుగు ఫాంటసీలో పరికరం మొరాయించిన ఉదంతాల్లోకెల్లా పేరుమోసినది 16వ శతాబ్దానిది. అల్లసాని పెద్దన మనుచరిత్రలో సిద్ధుడు పసరు ఇచ్చాడు, ప్రవరుడు కాళ్ళకు పూసుకుని హిమాలయాలకు ఎగిరిపోయాడు, మంచు తగిలి పసరు కరిగింది, ఇల్లు చేరే దారి లేకుండా పోయింది. పరికరం ఏమిటి, ఎంత దూరం మోస్తుంది, ఎక్కడ చెడుతుంది, ఎందుకు చెడుతుంది, అన్నీ పద్యాల్లోనే ఉన్నాయి. ఇప్పటి సైన్స్ ఫిక్షన్‌లో ఇంత నిక్కచ్చితనం అరుదు. మంచులో నడవకు నాయనా అన్న ముక్క మాత్రం సిద్ధుడు చెప్పలేదు.

చెన్నైలో కాపురముంటూ తెలుగులో సైన్స్ ఫిక్షనో ఫాంటసీయో రాసి పైకి రావాలనుకునేవారికి పసరు పూసేవాళ్ళు వీధికొకరు దొరుకుతారు. మంచు సంగతి చెప్పే నాథుడు లేడు. ఆ లోటు పూడ్చే బాధ్యతను ఈ కాలమ్ తన భుజాన వేసుకుంటోంది.

మొదట అర్హత. డిగ్రీలు అక్కర్లేదు, పేరు మీద మమకారం లేకపోతే చాలు. 1947 జూలైలో మద్రాసులో పుట్టిన చందమామకు దాసరి సుబ్రహ్మణ్యం గారు ఏళ్ళ తరబడి మాంత్రికులతో, రాక్షసులతో, శిథిలాలయాలతో సీరియళ్ళు రాశారు. నెల తిరిగేసరికి పిల్లలు పోస్టుమాన్ కోసం గుమ్మంలో కాపు కాశారు. బొమ్మ మీద చిత్రా గారి సంతకం ఉండేది. కథ మీద ఎవరి పేరూ ఉండేది కాదు. ఇక పక్కింటి తమిళం చూడండి. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరుగా ఓటింగ్ యంత్రం పని చూసిన రంగరాజన్ గారు, సుజాత అని భార్య పేరు పెట్టుకుని సైన్స్ ఫిక్షన్ రాసి తమిళనాట ఇంటింటి మనిషి అయ్యారు. సొంత పేరున్న తెలుగాయనకు అది అచ్చులో దక్కలేదు, అరువు పేరు పెట్టుకున్న తమిళాయన పేరు ఊరంతా మోగింది. ఇందులోని కిటుకేమిటో పెళ్ళయినవాళ్ళు ఇంట్లో సంప్రదించి నిర్ణయించుకోవచ్చు.

ఆ తర్వాత పదజాలం. ఇక్కడే ఎక్కువమంది జారిపడతారు. కాలంలో ప్రయాణించే పరికరాన్ని ‘టైం మిషన్’ అని రాశారా, పాఠకుడి కళ్ళముందు మేరమ్మ కుట్టు మిషన్ ప్రత్యక్షమవుతుంది. మనకు కుట్టేదీ మిషనే, పిండి ఆడేదీ మిషనే, మంగళ గ్రహానికి ఇస్రో పంపిందీ మిషనే. కాలయంత్రం అంటే ఈ బాధ లేదు గానీ పౌరాణిక నాటకం వాసన వస్తుంది. కాంతి సంవత్సరంతో ఇంకో ప్రమాదం. పేరులో సంవత్సరం ఉంది కాబట్టి ‘ఆమె కోసం వెయ్యి కాంతి సంవత్సరాలు ఎదురుచూశాడు’ అని రాసేస్తారు. అది దూరం, ఒక్కొక్కటి సుమారు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. ఆయన ఎదురుచూడలేదు, పాపం, నడిచాడు.

మాట కుదిరినా అక్షరం కుదరదు. ‘స్పేస్‌షిప్’ అని మీరు కొట్టినప్పుడు స్‌కీ షికీ మధ్య కంటికి కనబడని ఒక అడ్డుగోడ ఉంటుంది. యూనికోడ్‌లో దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది ఉన్నంతసేపూ పొల్లు పొల్లుగా నిలబడుతుంది. చెన్నైలో తెలుగు డీటీపీ తెలిసిన చెయ్యి దొరకడం కష్టం కనుక ఫైలు విజయవాడకు పోతుంది. అక్కడ దాన్ని యూనికోడ్ కాని పాత అను ఫాంటులోకి మారుస్తారు. మార్చినప్పుడు గోడ కూలుతుంది, షకారం వత్తుగా మారి సకారం కిందికి దూరుతుంది, మీ వ్యోమనౌక ‘స్పేస్షిప్’ అయి ప్రూఫులో దిగుతుంది. ‘ఏలియన్‌తో’ కాస్తా ‘ఏలియన్తో’. యూనికోడ్‌లోనే ఉంచి ఇన్‌డిజైన్‌లో పేజీలు కట్టిస్తే ఇంకో తంటా. అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అనే అమరిక ఎంచుకోకపోతే వత్తులు కిందికి దిగనని మొండికేసి పక్కన నిలబడతాయి. నివారణ ఒకటే: పొల్లు తర్వాత హల్లు వచ్చే మాటలన్నీ ముందే జాబితా రాసుకుని, ప్రతి ప్రూఫులోనూ ఒక్కొక్కటే వెతకాలి. లేదా మన అవ్వల పద్ధతిలో చివర ఉకారం తగిలించి స్పేసుషిప్పు అనెయ్యాలి. భాష బతికిపోతుంది, విమర్శకుడు నవ్వుతాడు. రెండూ మంచివే.

అమెరికా పత్రికల మీద ఆశ పెట్టుకున్నవారికి చిన్న లెక్క. అక్కడి సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం ఎస్‌ఎఫ్‌డబ్ల్యూఏ 2019లో వృత్తి రచయితకు మాటకు 8 సెంట్లు కనీస రేటుగా పెట్టింది. ‘వెళ్ళిపోయిందేమోననుకున్నాడట’ అన్నది మనకు ఒక్క మాట, 8 సెంట్లు. అదే సంగతి ఇంగ్లీషులో చెబితే తొమ్మిది మాటలు, 72 సెంట్లు. సంధులు, సమాసాలు, క్రియకు తగిలించే తోకలు, తెలుగు అందాలని మనం మురిసిపోయేవన్నీ ఈ లెక్కన జీతంలో కోతలే. వాళ్ళ అవార్డుల కొలతలో 40,000 మాటలుంటేనే నవల. తెలుగు రచయిత అక్కడికి చేరేసరికి ఇంగ్లీషు రచయిత రెండో భాగం మొదలుపెట్టి ఉంటాడు. ఈ మధ్య కొందరు ‘వెళ్ళి పోయింది ఏమో నని’ అంటూ మాటల్ని ముక్కలుగా నరకడం చూసి భాషాభిమానులు బాధపడుతున్నారు గానీ, అది భవిష్య నిధి ఏర్పాటేమో ఆలోచించాలి. 2016 డిసెంబరులో కిండిల్ భారతీయ భాషలకు తలుపు తెరిచినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం లోపలికి వెళ్ళాయి. తెలుగు అప్పుడు గుమ్మం బయట నిలబడి కాలికి పసరు రాసుకుంటూ ఉండిపోయింది.

అచ్చు సంగతి. పదహారు పేజీలు ఒక ఫారం. మీ కథ 203వ పేజీలో ముగిసిందనుకోండి, పదమూడు ఫారాలకు 208 కనుక ఐదు పేజీలు ఖాళీ. వాటిని ముందుమాటతో నింపుతారు. సైన్స్ ఫిక్షన్ అసలు చదవని పెద్దాయన చేత రాయించడం ఆనవాయితీ, ‘సైన్సు ఉన్నప్పటికీ మానవ సంబంధాలు చక్కగా కుదిరాయి’ అని ఆయన మిమ్మల్ని క్షమిస్తారు. 300 ప్రతులు, 70 జీఎస్‌ఎం మ్యాప్‌లితో కాగితం, వెల 200 అనుకుందాం. దుకాణం 40 శాతం ఉంచుకుంటే చేతికి 120. అచ్చు, డీటీపీ, ముఖచిత్రం కలిపి ప్రతికి 110 పడితే మిగిలేది పది రూపాయలు, అది కొరియర్‌కి చాలదు.

ఇంత వాస్తవంలో ప్రభుత్వమే మనకు అసలైన ఫాంటసీ ప్రసాదించింది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో, 2026 మార్చి దాకా, 80క్యూక్యూబీ అని ఒక సెక్షన్ ఉండేది. పాత పన్ను విధానంలో పుస్తకాల రాయల్టీ మీద ఏడాదికి 3 లక్షల దాకా మినహాయింపు దొరికేది, ప్రచురణకర్త 10సీసీడీ ఫారం రాసిస్తే. పది శాతం రాయల్టీ ఇచ్చే ప్రచురణకర్త ఉన్నాడనే అనుకుందాం. ప్రతికి 20 రూపాయలు. 3 లక్షలు నిండాలంటే ఏడాదిలో 15,000 ప్రతులు అమ్ముడుపోవాలి. మీ 300 ప్రతులకు 6,000 రూపాయల మినహాయింపు వచ్చేది, ప్రచురణకర్త మీరే అయితే ఆ ఫారం మీకు మీరే రాసుకోవాల్సి వచ్చేది.

సినిమా ఉందిగా అంటారు. కోడంబాక్కంలో సిట్టింగ్‌కి పిలిచి ‘లైన్ చెప్పండి సార్’ అంటారు. చెప్పకండి. ఆలోచనకు, ఇతివృత్తానికి కాపీరైటు లేదని, రాసిన తీరుకే ఉందని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. నోటితో చెప్పిన లైను గాలిలో దీపం. ముందు పూర్తిగా రాయండి, తేదీతో ఈమెయిల్‌లో పంపండి, కావాలంటే 500 రూపాయలు కట్టి కాపీరైటు నమోదు చేయించుకోండి. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి. హక్కు మీ జీవితకాలమూ, ఆపైన 60 ఏళ్ళూ ఉంటుంది. అటక మీది ప్రతులూ అంతకాలం ఉంటాయి.

చివరగా, శాశ్వత కీర్తి. దీనికి చట్టబద్ధమైన దారి ఉంది. 1954 నాటి పుస్తకాల అప్పగింత చట్టం ప్రకారం అచ్చయిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, మరో మూడింటికీ ఒక్కో ప్రతి సొంత ఖర్చుతో ఇవ్వాలి. ఇవ్వకపోతే 50 రూపాయల దాకా జరిమానా, పైగా పుస్తకం విలువ. కోల్‌కతా, ముంబై, ఢిల్లీ, చెన్నై: నాలుగింట్లో ఒక్కటీ తెలుగు రాష్ట్రంలో లేదు. హైదరాబాదు రచయిత నాలుగు పార్సిళ్ళు కట్టాలి, చెన్నై తెలుగువాడికి మూడే. ఈ ఊళ్ళో ఉన్నందుకు వృత్తిపరంగా దక్కే రాయితీ ఇదొక్కటే, వదులుకోకండి. నాలుగోది ఎగ్మూరులో 1896లో తెరిచిన కన్నెమరా గ్రంథాలయం, వడపళనిలో మెట్రో ఎక్కితే రైలు మారక్కర్లేదు. పుస్తకం లోపలి పేజీలో రచయిత పేరు పడిందో లేదో దారిలో ఒకసారి చూసుకోండి.