ఊదా రంగు పోతే మందైపోతుందా?

(విశాఖ, ఆర్‌కే బీచ్ గట్టు. మావయ్య స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. మేనకోడలు కెమిస్ట్రీ ఎమ్మెస్సీ. మధ్యలో మావయ్య మోకాలి కోసం వాడుతున్న పొడి డబ్బా: గుగ్గులు, చేదుపుచ్చ, జమ్మి బెరడు కలిపిన రాజస్థాన్ ఎడారి మూలికల పొడి.)

మావయ్య: 48 డిగ్రీల ఎండలో, వాన సరిగా పడని ఇసుకలో బతికే మొక్కలమ్మా ఇవి. ఆ ఎండని తట్టుకోవడానికి లోపల ఏదో తయారు చేసుకుంటాయి కదా. అదే మనకీ పనికొస్తుంది.

మేనకోడలు: మొదటి సగం ఒప్పుకుంటాను. ఎండ, నీటి కరువు ఎక్కువైతే ఆకులో కణాల్ని పాడుచేసే ఫ్రీ రాడికల్స్ పెరుగుతాయి. వాటిని అణచడానికి మొక్క ఫినాల్స్, ఫ్లేవనాయిడ్స్ అనే పదార్థాలు చేసుకుంటుంది. ఇలా అణిచేవాటినే యాంటీఆక్సిడెంట్లంటారు. అది దాని అవసరం. మీ మోకాలికేం సంబంధం?

మావయ్య: ల్యాబ్‌లో పరీక్షించారట. యాంటీఆక్సిడెంట్‌గా విటమిన్ సితో సమానమని డబ్బా మీదే వేశారు.

మేనకోడలు: ఆ పరీక్ష నేనూ చేశాను. డీపీపీహెచ్ కూడా ఒక ఫ్రీ రాడికలే, దాన్ని అణిస్తే రంగు పోతుంది. డీపీపీహెచ్ అనే పొడిని మెథనాల్‌లో కలిపితే ఊదాగా ఉంటుంది. మూలిక సారం పోస్తే పసుపుకి తిరుగుతుంది. 517 నానోమీటర్ల కాంతి దగ్గర రంగు ఎంత పోయిందో కొలుస్తాం. అంతే! గాజు గొట్టానికి పేగులున్నాయా, లివరుందా? తిన్న ఫ్లేవనాయిడ్స్‌ని ఆ రెండూ కలిసి మార్చేస్తాయి, రక్తంలోకి చేరేది చాలా కొద్ది. అమెరికా వ్యవసాయ శాఖ ఇలాంటి అంకెలతోనే, ఏ ఆహారానికి యాంటీఆక్సిడెంట్ శక్తి ఎంతో చెప్పే ఓరాక్ అని ఒక పట్టిక పెట్టింది. కంపెనీలు దాన్ని అమ్మకాలకి వాడుకుంటున్నాయని, ఆ అంకెలకీ మన ఒంట్లో జరిగేదానికీ పొంతన లేదని 2012లో తీసేసింది. ఫిన్లాండ్ సంగతి ఇంకా ఘోరం. పొగ తాగే మగవాళ్ళు 29,133 మందితో చేసిన పరీక్షలో బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్ళకి ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువొచ్చింది. 1994లో బయటపడింది. అదీ యాంటీఆక్సిడెంటే మావయ్యా.

మావయ్య: నేను ఈ పొడి కోసం కాఫీ కూడా మానేశాను.

మేనకోడలు: అయ్యో! కాఫీలో క్లోరోజెనిక్ ఆమ్లం అనే యాంటీఆక్సిడెంట్ దండిగా ఉంటుంది. మన అరకు కాఫీ పోసినా ఆ ఊదా రంగు పోతుంది.

మావయ్య: కాఫీ జోలికి రాకు. మీ అత్తదీ ఇదే గోల. ఒక్కదాని కోసం డికాషన్ వెయ్యడం దండగట.

మేనకోడలు: నిజమే కదా మరి.

మావయ్య: మీరిద్దరూ ఒకటే. సరే, దీనికి చెప్పు. బిళ్ళగన్నేరు మన పెరట్లోనూ ఉంది. షుగరుకి మంచిదని జనం అంటే 1950లలో కెనడాలో పరీక్షించారు. షుగరు తగ్గలేదు గానీ తెల్ల రక్తకణాలు తగ్గాయి. అక్కణ్ణించే విన్‌బ్లాస్టిన్ అనే మందు వచ్చింది, ఇప్పటికీ క్యాన్సర్‌కి వాడుతున్నారు. ఆ రోజు నీలాంటి పిల్ల అడ్డుపడి ఉంటే?

మేనకోడలు: (కాస్త ఆగి) దీనికి నా దగ్గర జవాబు లేదు. మొక్కల్ని వెతకొద్దని నేననను. కానీ వాళ్ళు ఒక్క పదార్థాన్ని విడదీశారు, మోతాదు కట్టారు, రోగులకిచ్చి చూశారు. గుగ్గులునీ అలాగే చూశారు. 2003లో అమెరికాలో కొలెస్ట్రాల్ ఉన్న 103 మందితో పరీక్ష చేస్తే, గుగ్గులు వేసుకున్నవాళ్ళలో చెడు కొలెస్ట్రాల్ తగ్గకపోగా కాస్త పెరిగింది. కొందరికి దద్దుర్లొచ్చాయి. చేదుపుచ్చలో కుకుర్బిటాసిన్లనే చేదు పదార్థాలుంటాయి, మోతాదు మించితే రక్త విరేచనాలే. రంగు పరీక్షలో ఇవేవీ కనబడవు. పైగా మీరు బీపీకి డిల్టియాజెమ్ వేసుకుంటున్నారు. గుగ్గులు తోడైతే ఆ మందు రక్తంలోకి తక్కువగా చేరుతుంది.

మావయ్య: డబ్బా మీద ఆ ముక్క లేదే?

మేనకోడలు: వెయ్యరు.

మావయ్య: డాక్టరుకి చూపిస్తాలే. మానేస్తానని మాత్రం అనలేదు, పదకొండొందలు పోసి కొన్నాను.