చతురస్రాన్ని లాగి చూడనివ్వండి

శంఖువు ఘనపరిమాణం ఎంతని హైస్కూలు పిల్లలను అడిగితే, ‘మూడోవంతు పై ఆర్ స్క్వేర్ హెచ్’ అని ఠక్కున చెబుతారు. ఆ మూడోవంతు ఎక్కడి నుంచి వచ్చిందంటే మాత్రం చాలామంది నీళ్లు నములుతారు. తప్పు వారిది కాదు. ఘనాకారాలను బోర్డు మీద గీసి, చుక్కల గీతను వెనకవైపు అంచు అనుకోమంటున్నది మనమే. ఊహ అందని పిల్లలు సూత్రం బట్టీపట్టి గట్టెక్కుతున్నారు.

ఆకారాలను తెరపై కదిలించి చూపడానికి లక్షలు పోయనక్కర్లేదు. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో మొదలుపెట్టిన జియోజెబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్ బడులకు ఉచితం. కంప్యూటర్‌లో ఒకసారి ఎక్కించుకుంటే నెట్ లేకున్నా నడుస్తుంది. అందులో ఒక పాప కంటి అంచనాతో నాలుగు గీతలు కలిపి చతురస్రం గీసిందనుకుందాం. ఒక మూలను పట్టుకుని లాగగానే అది వంకరపోతుంది. లంబరేఖలు గీసి, భుజాలు సమానంగా ఉండేలా కట్టినప్పుడు మాత్రం ఎటు లాగినా పెద్దదో చిన్నదో అవుతుందే తప్ప చతురస్రంగానే నిలుస్తుంది. నిర్వచనం ఎందుకు కావాలో ఆ క్షణంలో తెలుస్తుంది. అలాగే సమఘనం అంచును 2 సెంటీమీటర్ల నుంచి 4కు జరిపితే ఉపరితల వైశాల్యం 24 నుంచి 96కు, ఘనపరిమాణం 8 నుంచి 64కు ఎగబాకుతాయి. ఒకటి నాలుగింతలు, రెండోది ఎనిమిదింతలు ఎందుకైందన్న ప్రశ్న పిల్లల నోటినుంచే వస్తుంది.

తెర చేయలేనిదీ ఉంది. వంద త్రిభుజాలను లాగి చూసినా కోణాల మొత్తం 180 డిగ్రీలే వస్తుంది. ఎందుకో తేల్చాలంటే సమాంతర రేఖ గీసి నోటుబుక్కులో నిరూపించాల్సిందే. చిన్న తరగతుల్లో అట్టముక్కలు కత్తిరించి డబ్బా మడిచాకే మౌస్ పట్టుకోవాలి.

విశాఖకు ఇది పరాయి విద్య కాదు. 1948లో ‘జల ఉష’ ఓడను కట్టి నీటిలోకి దింపిన ఊరిది. ఇవాళ ఓడ నిర్మాణంలో ఉక్కు పలకను కోసే ముందే దాని వంపు కంప్యూటర్ నమూనాలో సిద్ధమవుతుంది. బీచ్ రోడ్డులోని కుర్సుర జలాంతర్గామి పొడవు సుమారు 91 మీటర్లు. పిల్లలను అక్కడికి తీసుకెళ్లి, బడికి తిరిగొచ్చాక దాన్ని స్థూపంగా, గుండ్రటి కొనలుగా విడగొట్టి నమూనా కట్టించవచ్చు. పైపొరకు రంగు వేయాలంటే ఎన్ని చదరపు మీటర్లు? క్షేత్రమితిలో ఇంతకంటే మంచి లెక్క ఏముంటుంది!

బడులను బాగుచేసే నాడు–నేడు పథకం కింద ప్రభుత్వ హైస్కూళ్లకు పెద్ద డిజిటల్ తెరలు వచ్చాయి. 2022 డిసెంబరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లూ ఇచ్చారు. వాటిపై వీడియో పాఠం పెట్టి పిల్లలను చూస్తూ కూర్చోమంటే, నల్లబల్ల పోయి తెల్ల తెర వచ్చిందంతే. తెరను తాకాల్సింది పిల్లలు. జిల్లా విద్యాశాఖ, విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) కలిసి వారానికి ఒక లెక్కల పీరియడ్‌ను ల్యాబ్‌కు కేటాయించాలని, లెక్కల మాస్టార్లకు వేసవి సెలవుల్లో కాక పనిదినాల్లోనే శిక్షణ ఇవ్వాలని, ప్రాజెక్టు మార్కుల్లో పిల్లలు సొంతంగా కట్టిన నమూనాకు చోటివ్వాలని మేము కోరుతున్నాం. ఈ మూడింటికీ కొత్త టెండర్లు పిలవాల్సిన పని లేదు.