కుడి కాలు ఎవరూ నేర్పలేదు

"నేల మీద విమానాన్ని దిశ తప్పకుండా నడపడంలో పైలట్ విఫలమయ్యాడు." అమెరికాలో తోకచక్రం విమానాల ప్రమాదాలపై ఎన్‌టీఎస్‌బీ (అక్కడి రవాణా ప్రమాదాల దర్యాప్తు సంస్థ) నివేదికలు చదివితే, కారణం దగ్గర ఇంచుమించు ఈ మాటే పదే పదే కనిపిస్తుంది. చదివిన ప్రతిసారీ నాకు కడుపు మండుతుంది. విఫలమయ్యాడు, సరే. ఏం చేయాలో అతనికి నేర్పారా?

నేను లైసెన్స్ తెచ్చుకున్నది సెస్నా 172 మీద. ముక్కు కింద చక్రం ఉండే విమానం. బరువంతా పెద్ద చక్రాలకు ముందుంటుంది, కాస్త వంకర పోయినా తనే సర్దుకుంటుంది. తోకచక్రం విమానంలో బరువు ఆ చక్రాలకు వెనక ఉంటుంది. సూపర్‌మార్కెట్ ట్రాలీని వెనక్కి తిప్పి తోసి చూడండి. కొంచెం పక్కకు తిరిగిందా, ఇక వెనకది ముందుకు వచ్చేదాకా ఆగదు. గ్రౌండ్ లూప్ అనేది ఇదే.

దీని గురించి మాట్లాడే వాళ్లంతా ల్యాండింగ్ గురించే మాట్లాడతారు. టేకాఫ్ మాటే రాదు. నా బాధంతా అక్కడే.

థ్రాటిల్ (ఇంజిన్ పవర్ పెంచే మీట) పూర్తిగా తోశాక ఏం జరుగుతుందో చూడండి. ప్రొపెల్లర్ తిరిగే దానికి ఎదురుగా విమానం ఎడమకు ఒరిగి, ఎడమ చక్రం మీద ఒత్తిడి పెరుగుతుంది. ప్రొపెల్లర్ నుంచి సుడి తిరుగుతూ వచ్చే గాలి తోకను ఎడమవైపు నుంచి కొడుతుంది. తోక కిందున్నంత సేపూ ప్రొపెల్లర్‌లో కుడివైపు దిగే రెక్క ఎక్కువ లాగుతుంది. తోక లేపిన క్షణంలో తిరిగే ప్రొపెల్లర్ బొంగరంలా ఇంకో తోపు ఇస్తుంది. నాలుగూ ముక్కును ఎడమకే తిప్పుతాయి. ఎడమ నుంచి గాలి వీస్తుంటే అదీ వాటితో కలుస్తుంది. దీన్ని ఆపాల్సింది కుడి కాలితో రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక పలక) పెడల్ తొక్కి. (బ్రిటిష్ టైగర్ మాత్ విమానంలో ఇంజిన్ దీనికి ఎదురు దిక్కున తిరుగుతుంది కాబట్టి అక్కడ ఎడమ కాలు తొక్కాలి.)

నాకు జరిగింది సరిగ్గా ఇదే. సిటాబ్రియా అనే తోకచక్రం విమానంలో ఒంటరిగా, ఎడమ పక్క గాలిలో బయల్దేరాను. తోక గబుక్కున లేపాను. ముక్కు ఎడమకు పోయింది. కుడి రడ్డర్ ఆలస్యంగా తొక్కాను, పైగా మరీ ఎక్కువ తొక్కాను. ముక్కు కుడికి కొట్టింది. ఎడమ కాలు. మళ్లీ ఎడమకు. రన్‌వే అంచు దగ్గర పడుతుంటే థ్రాటిల్ మూయకుండా స్టిక్ వెనక్కి లాగాను, ఎలాగైనా గాల్లోకి లేచిపోదామని. వేగం చాలలేదు. విమానం రెండు అడుగులు లేచి ధబ్బున పడి, గడ్డిలో తిరిగి, కుడి రెక్క కొన నేలకు రాసుకుని ఆగింది. దెబ్బలు తగల్లేదు. కానీ మోకాళ్ల వణుకు చాలాసేపటి దాకా పోలేదు. ఇంకాస్త లేచి అక్కడ స్టాల్ అయి (రెక్కలు లేపే బలం కోల్పోయి) ఉంటే ఇది రాయడానికి నేను ఉండేవాణ్ని కాదు.

తోకచక్రం విమానం నడపడానికి లాగ్‌బుక్‌లో ఇన్‌స్ట్రక్టర్ ఇచ్చే అనుమతిని ఎండార్స్‌మెంట్ అంటారు. నా ఎండార్స్‌మెంట్ శిక్షణంతా గాలి లేని ఉదయాల్లోనే జరిగింది. అమెరికా విమానయాన నిబంధన 61.31 ప్రకారం క్రాస్‌విండ్ (పక్క గాలి) టేకాఫ్‌లు, ల్యాండింగ్‌లు నేర్పాలి. కానీ ఇన్ని గంటలు నేర్పాలని అందులో లేదు. ఇన్‌స్ట్రక్టర్ సంతకం పెడితే చాలు, అది జీవితాంతం చెల్లుతుంది. ఎంత గాలిలో నేర్పారో లాగ్‌బుక్‌లో రాయాలని ఎందుకు అడగకూడదు?

అంతకన్నా ముఖ్యమైనది థ్రాటిల్ మూయడం. టేకాఫ్ ఆపేయడాన్ని ఓటమిలా చూసే అలవాటు మనలో ఉంది. పవర్ తీసేస్తే ఆ నాలుగు తోపుల బలం అప్పటికప్పుడే తగ్గిపోతుంది. తొందరగా మూసి ఉంటే బహుశా రన్‌వే మీదే ఆగేవాణ్ని. అది ఒక్కసారి కూడా నా చేత చేయించలేదు. రన్‌వే మీద సగం వేగంలో "ఇప్పుడు ఆపు" అని హఠాత్తుగా చెప్పి పదిసార్లు చేయిస్తే అయ్యేది అరపూట ఖర్చు.

మన దేశంలోనూ ఒకప్పుడు ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఎంతోమంది హెచ్‌ఏఎల్ పుష్పక్ మీదే నేర్చుకున్నారు. అదీ తోకచక్రం విమానమే. మొదటి రోజు నుంచీ కాళ్లు పని చేయాల్సిందే. నేను వందకు పైగా గంటలు సెస్నాలో కాళ్లు ఊరికే పెట్టుకుని కూర్చుని, తర్వాత తోకచక్రం విమానం ఎక్కాను.

ఇప్పుడు వేరే ఇన్‌స్ట్రక్టర్ దగ్గర మళ్లీ మొదలుపెట్టాను. మొదటి రోజు అసలు ఎగరలేదు. తోక లేపడం, మధ్యగీత మీద చిన్న చిన్న తొక్కులతో నిలబెట్టడం, పవర్ తీసి ఆపడం, వెనక్కి రావడం. గంటన్నర అదే పని. రెండో వారం ఎడమ గాలి పన్నెండు నాట్లు (గంటకు సుమారు 22 కిలోమీటర్లు) ఉన్న రోజు ఆయనే ఫోన్ చేశారు, "ఇవాళ రండి" అని.