బ్రెస్ట్ క్యాన్సర్ గుట్టు జబ్బు లేనివాళ్ళ దగ్గరే ఉంది

బ్రెస్ట్ క్యాన్సర్ మీద ఇంత రీసెర్చ్ జరుగుతోంది కదా, మరి జబ్బు లేని రొమ్ము లోపల ఎలా ఉంటుందో సైన్స్‌కి పూర్తిగా తెలుసా అంటే, తెలీదు. 2022లో ఒక్క ఏడాదే ప్రపంచం మొత్తంలో 23 లక్షల మంది ఆడవాళ్ళకి ఈ జబ్బు బయటపడింది, 6 లక్షల 70 వేల మంది చనిపోయారు. గడ్డ నుంచి తీసిన శాంపిల్స్‌కి ల్యాబుల్లో కొదవలేదు, గడ్డ రానివాళ్ళ టిష్యూనే (కణజాలమే) కరువు. తేడా ఎక్కడ మొదలైందో తెలియాలంటే రెండూ పక్కపక్కన పెట్టి చూడాలా వద్దా?

ఇన్నేళ్ళూ పోల్చడానికి ఏం వాడారంటే, ఎక్కువగా గడ్డ పక్కనున్న భాగం, లేదంటే రొమ్ము సైజు తగ్గించుకునే సర్జరీలో తీసేసింది. గడ్డని ఆనుకుని ఉన్న టిష్యూ పైకి బాగానే కనిపించినా లోపల జీన్స్ పనితీరు అప్పటికే మారిపోయి ఉండొచ్చు, దాన్ని ఆరోగ్యానికి కొలతగా పెట్టుకుంటే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

అందుకే 2007లో అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీలో మొదలైన కోమెన్ టిష్యూ బ్యాంక్ నాకు అంత గొప్పగా అనిపిస్తుంది. ఏ జబ్బూ లేని ఆడవాళ్ళు తమంతట తాము వచ్చి, కాన్పులు, పీరియడ్స్, ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా అన్నీ ఫారంలో రాసి, రక్తం ఇచ్చి, మత్తు ఇంజెక్షన్ చేయించుకుని సూదితో సన్నటి టిష్యూ ముక్కలు తీయించుకుంటారు. వాటిని వెంటనే ఫ్రీజ్ చేస్తారు, ఆలస్యమైతే జీన్స్ పనితీరు చూపించే లోపలి ఆర్‌ఎన్‌ఏ పాడైపోతుంది. 2012లో ఇండియానాపోలిస్‌లో సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) జరిగినప్పుడు ఆ సందడిలోనే క్యాంపు పెడితే వందల మంది వచ్చి ఇచ్చారు.

బాగున్న ఒంట్లో సూది గుచ్చడం ఏంటి, ఇచ్చినావిడకి ఒరిగేదేంటి, ఎలుకల మీద చూడొచ్చుగా అంటారు కొందరు. కమిలిపోవడం, నొప్పి ఉంటాయి, అరుదుగా ఇన్ఫెక్షన్ రావొచ్చు, ఇచ్చినావిడకి నేరుగా లాభం లేదన్నదీ నిజమే. కానీ ఎలుకకి నెలసరి రాదు, దాని రొమ్ములో కొవ్వే ఎక్కువ, మనిషి రొమ్ములో ఉండే పీచు కణజాలం దానికి అంతగా ఉండదు.

అసలు విషయం ఈ నెలసరే. సైకిల్ రెండో సగంలో రొమ్ములో కణాలు ఎక్కువగా విభజన చెందుతాయి, కడుపుతో ఉన్నప్పుడు ఇంకోలా, పాలివ్వడం ఆపాక ఇంకోలా, మెనోపాజ్ తర్వాత మరోలా మారుతుంది. అంటే ఒక్కరి దగ్గర తీసిన ఒక్క ముక్క చాలదు, రకరకాల వయసుల్లో, రకరకాల దశల్లో ఉన్న వేల మంది కావాలి, శాంపిల్ తీసిన రోజుకి ఆమె సైకిల్‌లో ఎక్కడుందో కూడా రాసి ఉండాలి.

ఈ మార్పులనే సాకుగా చూపించి వైద్యశాస్త్రం ఆడవాళ్ళని దశాబ్దాల పాటు పక్కన పెట్టింది, హార్మోన్లు మారుతుంటే డేటా గజిబిజి అవుతుందట! 1977లో మందులకి అనుమతిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ, పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్ళని మందుల తొలి దశ ట్రయల్స్‌లో పెట్టొద్దని గైడ్‌లైన్ ఇచ్చింది, అది మారడానికి 1993 దాకా పట్టింది. మగవాడి శరీరాన్నే కొలతగా పెట్టుకుని మందులు తయారుచేసి, ఆ మందులే ఆడవాళ్ళకీ రాసిచ్చారు. టిష్యూ బ్యాంక్ దీన్ని తిరగేసింది, గజిబిజి అని వదిలేసినదాన్నే డేటాగా రాసుకుంటోంది.

ఇందులోనూ ఒకే జాతివాళ్ళ టిష్యూ పోగుపడితే మళ్ళీ అదే తప్పు. ట్రిపుల్ నెగటివ్ అనే మొండి రకం బ్రెస్ట్ క్యాన్సర్, అంటే హార్మోన్ మందులకి లొంగనిది, నల్లజాతి ఆడవాళ్ళలో ఎక్కువ, ఎందుకో తేలాలంటే వాళ్ళ ఆరోగ్యమైన టిష్యూ కావాలి. కానీ 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి ఆవిడ క్యాన్సర్ కణాలని అడక్కుండా తీసుకుని ప్రపంచమంతా వాడుకున్న చోట వాళ్ళు ఊరికే ఎందుకు నమ్ముతారు? కన్సెంట్ ఫారం మామూలు మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలి, తన శాంపిల్ ఏ స్టడీలో వాడారో, అందులో ఏం తేలిందో ఇచ్చినావిడకి ఉత్తరం రాసైనా చెప్పాలి, ఆమె వద్దని అడిగితే మిగిలిన శాంపిల్‌ని బ్యాంక్ నుంచి తీసేయాలి. ఈ మూడూ ఒప్పుకోని ల్యాబ్‌కి ఒక్క ముక్క కూడా ఇవ్వక్కర్లేదు.