పెళ్లి సన్నాయిని ఆపే అధికారం యంత్రానికి ఎవరిచ్చారు?

పెళ్లిలో పాట వినిపించినందుకు ఎవరికీ రాయల్టీ కట్టనక్కర్లేదని మన చట్టం ఎప్పుడో చెప్పింది. చిత్తశుద్ధితో జరిపే మతపరమైన వేడుకలో సంగీతాన్ని ప్రదర్శించినా, రికార్డును ప్రజలకు వినిపించినా అది ఉల్లంఘన కిందికి రాదని 1957 నాటి కాపీరైట్ చట్టం సెక్షన్ 52లోని (జడ్‌ఏ) క్లాజు అంటుంది. పెళ్లి ఊరేగింపు, పెళ్లికి అనుబంధంగా జరిగే ఇతర వేడుకలు కూడా అందులో భాగమేనని దాని కింది వివరణలో రాసి ఉంది. అయినా వసూళ్లు జరుగుతున్నాయన్న ఫిర్యాదుల మీద 2023 జూలైలో కేంద్ర పరిశ్రమల, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక శాఖ బహిరంగ ప్రకటన ఇచ్చి, పెళ్లి వేడుకల్లో పాటలకు ఎవరూ రాయల్టీ అడగరాదని స్పష్టం చేసింది. ఇంత తేటతెల్లంగా ఉన్న హక్కు పెళ్లి పందిరి దాటి ఫోన్ తెర మీదికి రాగానే చెల్లకుండా పోతోంది. అక్కడ తీర్పు చెప్పేది యూట్యూబ్ వంటి వేదికల్లో శబ్దాన్ని పోల్చి చూసి ప్రసారం ఆపేసే ఒక పోలిక యంత్రం, దానికి సెక్షన్ 52 అనేది ఒకటుందని తెలియదు. ఇది సర్దుకుపోదగిన చిన్న ఇబ్బంది అనుకునేవారు చాలామందే ఉన్నారు. సర్దుకుపోకూడదని, కేంద్రం నిబంధనలు సవరించి తీరాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

గోదావరి డెల్టాలో దీని బరువు మిగతా చోట్లకంటే ఎక్కువ. కోనసీమ లంక గ్రామాల నుంచి, నరసాపురం, పాలకొల్లు పరిసరాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు లేని వీధి అరుదు. కువైట్‌లో ఇళ్లలో పని చేసుకుంటున్న ఆడవాళ్లకు తోబుట్టువుల పెళ్లికి, మేనల్లుడి పెళ్లికి సెలవు దొరకదు. అందుకే పెళ్లి లైవ్ ఇవ్వడం ఇక్కడ ఆడంబరం స్థాయి దాటి అవసరమైపోయింది. వీడియో ఆర్డరు తీసుకునేటప్పుడే లైవ్ లింకు గురించి మాట్లాడుకుంటారు, శుభలేఖ ఫొటోతో పాటు ఆ లింకును కూడా వాట్సాప్‌లో పంపుతారు.

పాలకొల్లు దగ్గర పల్లెలో ఈమధ్య జరిగిన ఒక పెళ్లిలో నేనూ ఉన్నాను. జీలకర్ర, బెల్లం పెట్టే ముహూర్తానికి ముందు సన్నాయి మేళంవారు త్యాగరాజస్వామివారి ‘సీతా కల్యాణ వైభోగమే’ అందుకున్నారు. కొద్దిసేపటికే ప్రసారం ఆగిపోయింది. మస్కట్ నుంచి పెళ్లికొడుకు మేనత్త ఫోన్ చేసి ‘ఏమీ రావట్లేదురా’ అని అడిగేసరికి ముహూర్తం కాస్తా దాటిపోయింది. వీడియో తీసే కుర్రాడు లాప్‌టాప్ తిప్పి చూపించాడు. ఎన్నో నిమిషం ఎన్నో సెకను నుంచి ఎంతవరకు అన్న లెక్కతో సహా, ఆ సంగీతం ఫలానా ఆడియో సంస్థవారి నాదస్వరం ఆల్బమ్‌లోదని తెర మీద నోటీసు ఉంది. ‘ఇది మామూలే సార్, రేపు సన్నాయి తీసేసి ఫ్రీ మ్యూజిక్ వేసి మళ్లీ ఎక్కించేస్తాను’ అన్నాడు ఆ అబ్బాయి. ఎక్కించాడు కూడా. ఇప్పుడు ఆ వీడియోలో సన్నాయి విద్వాంసుడి బుగ్గలు పొంగుతాయి, వేళ్లు రంధ్రాల మీద ఆడతాయి, వినబడేది మాత్రం ఏ దేశానిదో తెలియని సింథసైజర్ వరస. మా వైపు పెళ్లి వీడియోలు వరుసగా నాలుగు చూస్తే అదే వరస ఇంకో రెండింట్లో వినిపిస్తుంది.

ఇందులో హక్కు ఎవరిదో నిదానంగా చూద్దాం. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు. మన దేశంలో రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్లకు రచన మీద కాపీరైట్ ముగుస్తుంది. కనుక ఆ కీర్తన ప్రజలందరిదీ. దాన్ని ఒక సంస్థ రికార్డు చేసి విడుదల చేస్తే ఆ రికార్డు మీద, అంటే ఆ రోజు ఆ స్టూడియోలో పట్టుకున్న ఆ శబ్దం మీద, విడుదలైన నాటి నుంచి 60 ఏళ్లు ఆ సంస్థకు హక్కు ఉంటుంది. అది న్యాయమే. అయితే ఆ హక్కు ఆ శబ్దంతోనే ఆగిపోతుంది. అదే కీర్తనను మరొక విద్వాంసుడు మరొక పందిట్లో తన ఊపిరితో వాయిస్తే దాని మీద ఆ సంస్థకు రవ్వంత హక్కు కూడా పుట్టదు. ఆ నోటీసు చట్టం దృష్టిలో అబద్ధం.

యంత్రం ఈ తేడాను ఎందుకు పట్టుకోలేదో ఆలోచిస్తే అసలు ప్రమాదం అర్థమవుతుంది. అది శబ్దపు నమూనాను, స్వరాల నడకను తన దగ్గరున్న నిల్వతో పోల్చి చూస్తుంది. సినిమా పాట విషయంలో ఈ పద్ధతి చాలావరకు పనిచేస్తుంది, ఎందుకంటే ఒక పాటకు ఒకే అసలు రికార్డు ఉంటుంది, తక్కినవి దాని నకళ్లు. మన సంప్రదాయ సంగీతం అలా పుట్టలేదు. అదే రాగం, అదే తాళం, గురువు చెప్పిన సంగతులు చెప్పినట్టు పలకడమే అక్కడ విద్వత్తుకు గీటురాయి. తండ్రి దగ్గర, మేనమామ దగ్గర ఏళ్ల తరబడి సాధన చేసి పాఠం చెడకుండా నిలబెట్టిన సన్నాయి విద్వాంసుడి వాయింపు ఎంత శుద్ధంగా ఉంటే యంత్రానికి అంత దొంగతనంగా కనిపిస్తుంది. అపస్వరం పలికినవాడు తప్పించుకుంటాడు, పాఠాంతరం లేకుండా వాయించినవాడు దొరికిపోతాడు. ఒక విద్యకు ఏది గౌరవమో దాన్నే నేరానికి సాక్ష్యంగా తీసుకునే ఏర్పాటు ఏ దేశపు న్యాయానికీ సమ్మతం కాదు. రామదాసు కీర్తన పాడే భజన బృందానికీ, అన్నమయ్య పదం పాడిన బడిపిల్లకూ ఎదురయ్యే ముప్పు ఇదే.

పైగా దీనివల్ల కళాకారుడికి ఒరిగేదేమిటి? ప్రదర్శకుడి హక్కును మన చట్టం సెక్షన్ 38లో గుర్తించింది, 2012 సవరణ ఆ హక్కును మరింత పెంచి వాణిజ్య వినియోగంలో రాయల్టీ వాటా కూడా ఇచ్చింది. కాగితం మీద ఇది గొప్ప మాట. క్యాసెట్ల కాలంలో ఒక పూట కూలి తీసుకుని వాయించి వచ్చిన మేళంవారికి ఆనాటి ఒప్పందపు నకలైనా చేతిలో ఉండదు. ఆ క్యాసెట్ల హక్కు చేతులు మారి మారి ఎవరి దగ్గరకు చేరిందో వారికి తెలియదు. అలా చేరిన హక్కుతోనే నేడు వారి శిష్యుల వాద్యం మీద నోటీసు వస్తోంది. కళాకారుడి పేరుతో కట్టిన కంచెకు లోపల సంస్థ ఉంది, బయట కళాకారుడు ఉన్నాడు.

ఇవి ఎక్కడో ఒకటీ అరా జరిగే పొరపాట్లని చెప్పేవారు యూట్యూబ్ సంస్థ తానే ప్రకటించిన లెక్కలు చూడాలి. 2021 తొలి ఆరు నెలల్లో కంటెంట్ ఐడీ అనే దాని పోలిక యంత్రం ద్వారా 72 కోట్లకు పైగా క్లెయిములు, అంటే ‘ఇది మాది’ అన్న హక్కు నోటీసులు, వచ్చాయి. వాటిలో సవాలు చేసినవి నూటికి ఒకటి కన్నా తక్కువ. సవాలు చేసినవాటిలో మాత్రం దాదాపు 60 శాతం వీడియో పెట్టినవారికి అనుకూలంగా తేలాయి. సవాళ్లు తక్కువ గనుక తప్పులూ తక్కువని కంపెనీలు చెబుతాయి. నాకు కనిపించేది వేరు. ధైర్యం చేసి అడిగినవారిలో సగానికి మించి నెగ్గుతున్నారంటే, అడగని కోట్లమందిలో ఎందరి హక్కు ఊరికే పోయిందో ఊహించుకోవచ్చు. పెళ్లి వీడియో తీసే కుర్రాడు ఎందుకు అడగడు? సవాలు బెడిసికొడితే స్ట్రయిక్, అంటే ఉల్లంఘన మచ్చ, పడవచ్చు; అలాంటివి మూడు పడితే చానలే పోతుంది, చానల్ పోతే బతుకుతెరువు పోతుంది. సవాలు చేస్తే అవతలివారు జవాబివ్వడానికి 30 రోజుల గడువు ఉంటుంది, పెళ్లివారు వీడియో రేపటికే కావాలంటారు. ఆ ఫారంలో అడిగేవన్నీ ‘ఫెయిర్ యూజ్’, ‘పబ్లిక్ డొమైన్’ వంటి మాటలు, వాటికి తెలుగులో వివరం చెప్పేవారు ఊళ్లో లేరు. ఎందుకొచ్చిన గొడవని సన్నాయినే తీసేస్తాడు.

ఎదుటి పక్షం వాదనలోనూ కొంత బలం ఉంది. పందిట్లో వినిపించడం వేరు, ప్రపంచమంతటికీ ప్రసారం చేయడం వేరు, పెళ్లి మినహాయింపు రెండోదానికి వర్తించదు అని ఆడియో సంస్థలు అంటాయి. లైవ్ ముసుగులో కొత్త సినిమా పాటలను మొత్తంగా ఎక్కించి ప్రకటనల డబ్బు తీసుకునేవారు ఉన్నారనీ, ప్రతి వీడియోనూ మనిషి కూర్చుని చూడడం అసాధ్యమనీ అంటాయి. పూర్తి పాటను నకలు చేసి వ్యాపారం చేసేవారిని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ క్లాజులో ‘ప్రజలకు చేరవేయడం’ అన్న భావం స్పష్టంగానే ఉంది, అది వేడుకలో భాగంగా జరగాలన్నదే షరతు. మస్కట్‌లో ఉన్న మేనత్త ఆ వేడుకలో భాగం కాదని ఏ న్యాయస్థానం ముందైనా వాదించమనండి. వాదించి నెగ్గేవరకు ప్రసారం ఆపే అధికారం మాత్రం వారికి ఉండకూడదు.

అసలు సమస్య ఇక్కడే ఉంది. రుజువు చేసే భారం ఎవరి మీద ఉండాలి? ఆరోపించినవాడి మీదే ఉండాలని మన చట్టం కూడా అనుకుంది. సెక్షన్ 52(1)(సి) ప్రకారం హక్కుదారు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే వేదిక ఆ అంశాన్ని 21 రోజులు నిలిపివేయాలి, ఆలోగా కోర్టు ఉత్తర్వు తేకపోతే తిరిగి అందుబాటులో పెట్టవచ్చు. కోర్టుకు వెళ్లవలసింది ఫిర్యాదుదారే అన్నది ఇందులోని సూత్రం. కంపెనీలు పరస్పరం ఒప్పందం చేసుకుని నడిపే యంత్రంలో ఫిర్యాదు లేదు, సంతకం లేదు, కోర్టు గడువు లేదు. నిలిపివేత మాత్రం క్షణంలో జరిగిపోతుంది. ఆధారం లేకుండా బెదిరించినవారి మీద దావా వేసి నష్టపరిహారం కోరవచ్చని సెక్షన్ 60 చెబుతుంది. ముంబైలోని సంస్థ మీద అంబాజీపేట కుర్రాడు ఒక పెళ్లి వీడియో కోసం దావా వేస్తాడా?

ఇతర దేశాలు ఈ దారిలో మనకంటే ముందున్నాయి. అమెరికాలో ఒక తల్లి తన పసిబిడ్డ ఆడుతున్న 29 సెకన్ల వీడియో పెడితే వెనక వినిపించిన పాట కోసం దాన్ని తీయించారు. ఆమె కోర్టుకు వెళ్లింది. తొలగించమని కోరేముందు అది చట్టబద్ధమైన వినియోగమేమో హక్కుదారు ఆలోచించి తీరాలని 2015లో అప్పీలు కోర్టు చెప్పింది. వడపోత యంత్రం చట్టబద్ధమైనదాన్నీ కానిదాన్నీ వేరు చేయలేకపోతే దాన్ని వాడరాదన్న అర్థం వచ్చేలా ఐరోపా న్యాయస్థానం 2022లో తీర్పిచ్చింది. జర్మనీ 2021లో చేసిన చట్టం 15 సెకన్ల లోపు చిన్న వినియోగాలను, కొన్ని షరతులతో, ముందుగా అనుమతి ఉన్నవిగానే పరిగణించి తర్వాత విచారించమంటుంది.

ఇంతకన్నా పెద్ద విషయం ఒకటి నన్ను చాలాకాలంగా కలవరపెడుతోంది. అందరికీ చెందిన సంపదకు మన దగ్గర లెక్క లేదు. ఊళ్లో పోరంబోకు ఎంతుందో అడంగల్‌లో రాసి ఉంటుంది కాబట్టే ఎవరైనా ఆక్రమిస్తే చూపించి అడగగలుగుతున్నాం. సాహిత్యంలో, సంగీతంలో ప్రజలకు దక్కినదేమిటో చెప్పే పుస్తకం ఏ కార్యాలయంలోనూ లేదు. 1992లో కాపీరైట్ గడువును 50 ఏళ్ల నుంచి 60కి పెంచారు, రవీంద్రుని రచనల గడువు ముగుస్తున్న సమయమది. ఆ పదేళ్లు హక్కుదారులకు కలిసివచ్చాయి. గడువు తీరి ప్రజలకు దక్కినవాటిని చాటి చెప్పే బాధ్యతను మాత్రం ఎవరూ తీసుకోలేదు. మన పొలమూరులో పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో కన్నుమూశారు, 2022 జనవరి 1 నుంచి ఆయన కథలు తెలుగువారందరివీ. ఆ రోజు ఏ ప్రభుత్వ సంస్థా ఒక ప్రకటనైనా చేసిన గుర్తు నాకు లేదు. ఇప్పుడు ఆ కథను గొంతెత్తి చదివి పెట్టాలనుకునే కుర్రాడు ఎవరి అనుమతి తీసుకోవాలో తెలియక వెనకాడుతున్నాడు. లెక్క రాయని సొత్తును ఎవరు ముందు చేయివేస్తే వారిదిగా యంత్రం నమోదు చేసుకుంటోంది.

కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో అలంకరించిన వెదురు కట్టడమైన గంగలకుర్రు ప్రభను భుజాల మీద మోస్తూ కౌశిక కాలువను దాటించేటప్పుడు డప్పు, సన్నాయి, జనఘోష కలిసి వినిపించే ధ్వనిని ఇవాళ వందల ఫోన్లు రికార్డు చేస్తున్నాయి. ద్రాక్షారామం శివరాత్రి, అంతర్వేది కల్యాణం, వీధుల్లో గరగల ఆట కూడా అంతే. ఈ ప్రాంతపు సంగీత చరిత్రకు రేపు మిగిలే ఆధారాలు ఇవే. సన్నాయి వినిపించే ప్రతిచోటా భయపడి శబ్దం తీసేస్తూ పోతే మన మనవలకు మూగ బొమ్మలు మిగులుతాయి.

చేయవలసినది కష్టమైనదేమీ కాదు. త్యాగరాజ, రామదాసు, అన్నమయ్య కృతుల వంటివాటికి, గడువు తీరిన రచనలకు రాష్ట్ర సాంస్కృతిక శాఖ ఒక అధికారిక జాబితా ప్రచురించి, వేదికలు దాన్ని తమ యంత్రాల్లో చేర్చుకునేలా పట్టుబట్టవచ్చు. ఈ పనికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. ఇక కేంద్రానికి కాపీరైట్ చట్టం సెక్షన్ 78 కింద నిబంధనలు చేసే అధికారం ఇప్పటికే ఉంది. నిలిపివేతలకు సంబంధించిన 2013 నాటి 75వ నిబంధనలో మూడు మాటలు చేర్చాలి. యంత్రం ద్వారా వచ్చిన క్లెయిమును సైతం రాతపూర్వక ఫిర్యాదుగానే పరిగణించాలి. సెక్షన్ 52 మినహాయింపులు పరిశీలించామని హక్కుదారు పూచీ ఇవ్వనిదే శబ్దాన్ని ఆపరాదు. వీడియో పెట్టినవారు తెలుగులో, లేదా వారికి వచ్చిన ఏ భారతీయ భాషలోనైనా, అభ్యంతరం తెలిపిన వెంటనే దాన్ని పునరుద్ధరించి, వివాదం తేలేవరకు ప్రకటనల ఆదాయాన్ని మాత్రమే పక్కన పెట్టాలి. మాఘమాసం పెళ్లిళ్లు మళ్లీ మొదలయ్యేలోగా అమలాపురం, నరసాపురం ఎంపీలు ఈ మూడింటినీ కేంద్ర శాఖ ముందు ఉంచాలి.